కండకు హద్దు, దమ్ముకు కొలత

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 72 కిలోలు. మూడేళ్లుగా జిమ్‌కు వెళ్తున్నాను గానీ ఏడాదిగా కండ పెరగడం లేదు. జిమ్‌లోని యంత్రం ఒంట్లో కొవ్వు 15 శాతమని చూపింది. ఇక సహజంగా పెరగదని, ఇంజెక్షన్లు వేసుకోమని తోటివారు అంటున్నారు. మరోవైపు అలిపిరి మెట్ల దారిలో గాలిగోపురం చేరేలోపే నాకు ఆయాసం వస్తుంది. 54 ఏళ్ల మా నాన్నగారు ప్రతి నెలా నడిచే కొండెక్కుతారు, నాకంటే ముందే చేరుతారు. నా హద్దు ఇంతేనా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ముందు లెక్క చూద్దాం. మీ బరువులో 10.8 కిలోల కొవ్వు తీసేస్తే 61.2 కిలోలు మిగులుతాయి. దాన్ని మీటర్లలో ఎత్తు వర్గంతో, అంటే 2.89తో భాగిస్తే 21.2 వస్తుంది. కొవ్వు మినహా ఒంటి బరువును ఎత్తుతో పోల్చే సూచిక ఇది. ఎత్తును బట్టి చేసే చిన్న సవరణ కలిపినా 22 దాటదు. 1995లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో స్టెరాయిడ్లు వాడని 74 మంది క్రీడాకారులలో ఈ సూచిక 25 దగ్గర ఆగింది. అయితే అదే అధ్యయనం లెక్కగట్టిన స్టెరాయిడ్ల వాడకం వ్యాపించకముందు, 1939–59 నాటి మిస్టర్ అమెరికా దేహదారుఢ్య పోటీ విజేతల సగటు 25.4 కనుక, 25ను దాటరాని గోడ అనుకోకూడదు, అందరూ చేరే గమ్యమూ అనుకోకూడదు. ఎముకల నిర్మాణం, వంశపారంపర్యం ఒక్కొక్కరికి ఒక్కో హద్దు గీస్తాయి. మీరైతే ఇంకా ఆ దరిదాపులకు రాలేదు.

మొదటి ఏడాది వచ్చినంత కండ తర్వాత రాకపోవడం సహజమే. మోసే బరువులు క్రమంగా పెరుగుతున్నాయా, నిద్ర చాలుతోందా అని చూసుకోండి. కిలో బరువుకు 1.6 గ్రాముల చొప్పున మీకు రోజుకు సుమారు 115 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఉదయం ఇడ్లీ, రాత్రి రాగిసంగటి తినే మన ఇళ్లలో పప్పు, గుడ్లు, పెరుగు, శనగలు లెక్కపెట్టి తింటే తప్ప అంత అందదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ల మాట మాత్రం వినకండి. అవి శరీరం తానుగా తయారుచేసే టెస్టోస్టెరాన్‌ను అణచివేస్తాయి, వీర్యకణాలను తగ్గిస్తాయి, గుండె కండరాన్ని మందం చేస్తాయి.

యంత్రాన్నీ పూర్తిగా నమ్మనక్కరలేదు. అది ఒంట్లోకి స్వల్ప విద్యుత్తు పంపి, నీటి శాతాన్ని బట్టి కొవ్వును అంచనా వేస్తుంది కనుక, చెమట పట్టినా, నీళ్లు తాగినా అంకె మారుతుంది. దానికంటే నడుము చుట్టూ పెట్టే టేపు నిజం చెబుతుంది, పైగా దానికి ఖర్చు కూడా లేదు.

ఇక ఆయాసం కండ కొలతకు అందేది కాదు. బరువులెత్తడం వేరు, గుండె, ఊపిరితిత్తులు కాళ్లకు ఆక్సిజన్ అందించడం వేరు. మీ నాన్నగారు నెలనెలా సాధన చేసింది ఈ రెండోదే. దీన్ని కొలవడానికి 1968లో అమెరికన్ వైద్యుడు కెన్నెత్ కూపర్ చెప్పిన పరీక్ష చాలు. 400 మీటర్ల ట్రాక్‌పై 12 నిమిషాల్లో ఎంత దూరం పరుగెత్తగలరో చూడండి. ఆరు చుట్లు పూర్తయితే మీ ఆక్సిజన్ వినియోగ సామర్థ్యం కిలో బరువుకు నిమిషానికి సుమారు 42 మిల్లీలీటర్లని అంచనా. వారానికి మూడు రోజులు చురుకైన నడకో పరుగో చేసి, రెండు నెలల తర్వాత మళ్లీ కొలుచుకోండి. ఛాతీలో నొప్పి గానీ, కళ్లు తిరగడం గానీ ఉంటే పరీక్షకు ముందే వైద్యుణ్ని కలవండి. అంతవరకు అలిపిరి మెట్లు ఎక్కేటప్పుడు నాన్నగారితో మాట్లాడుతూ ఎక్కగలిగినంత వేగమే చాలు.