వంశవృక్షం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: జంతుశాస్త్ర ప్రొఫెసర్‌గా రిటైరయ్యాక వంశవృక్షమే నాకు పని. నేనూ మా మేనత్త కొడుకూ లాలాజలం పంపి డీఎన్ఏ పరీక్ష చేయించుకుంటే 1,760 సెంటీమోర్గాన్లు (ఇద్దరికీ కలిసే డీఎన్ఏ కొలత) కలిశాయని, మేం 'సగం తోబుట్టువులం' అని వచ్చింది. ఇంట్లో పెద్ద దుమారం! మా అమ్మానాన్నలది, అత్తామామలది కుండమార్పిడి పెళ్ళి.
(విశ్రాంత ప్రొఫెసర్, కాకినాడ)

జవాబు: మీ ఆఖరి వాక్యమే జవాబండీ. మేనత్త బిడ్డతో మామూలుగా కలిసేది ఎనిమిదో వంతు, అంటే 12.5 శాతం. మీ అత్తయ్య కొడుకు మీకు మేనమామ కొడుకు కూడా. అటు ఎనిమిదో వంతు, ఇటు ఎనిమిదో వంతు కలిపి పావు వంతు, మీకొచ్చిన 1,760 సుమారు అదే. తండ్రి ఒకరై తల్లులు వేరైనవాళ్ళకూ సగటున ఇంతే వస్తుంది. కంపెనీ లెక్క మొత్తం అంకెను చూసి చుట్టరికం పేరు పెడుతుంది, కుండమార్పిడి సంగతి దానికేం తెలుసు?

అనుమానం తీరాలంటే ఇద్దరి వై క్రోమోజోమ్ (తండ్రి నుంచి కొడుకుకు వచ్చేది), మైటోకాండ్రియా (తల్లి నుంచి బిడ్డలకు వచ్చేది) ఫలితాలు పోల్చండి. వై వేరైతే తండ్రి ఒకరు కాదు. మైటోకాండ్రియా వేరైతే తల్లి ఒకరు కాదు. తిరగేసి చదవకండి: పాత మేనరికాలున్న కుటుంబాల్లో ఇవి ఒకటైనంత మాత్రాన ఏదీ రుజువు కాదు. మరో ఆనవాలు, క్రోమోజోమ్ జతలో రెండు ప్రతులూ కలిసే భాగాలు. మీలాంటి రెండు వైపుల చుట్టాలకు అవి సుమారు పదహారో వంతు ఉంటాయి, సగం తోబుట్టువులకు దాదాపు ఉండవు. వాళ్ళ తల్లిదండ్రులే దగ్గర చుట్టాలైతే మాత్రం ఈ గుర్తూ చెడుతుంది.

ప్రశ్న: ముత్తాత జాతకంలో 'రౌద్రి, మాఘ బహుళ పంచమి' అని ఉంది. 1860 అని రాసుకున్నాను, సరేనా?
(అదే ప్రొఫెసర్)

జవాబు: కాదు. రౌద్రి 1860, 1920, 1980 ఉగాదులకు మొదలైంది. మాఘం వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోతుంది కాబట్టి అది 1861 గానీ 1921 గానీ. ఈ పొరపాటు చాలామంది చేస్తారు. రెండింటిలో ఏదో తేల్చడానికి శని, గురువుల రాశులు పనికిరావు, అరవై ఏళ్ళకు ఇద్దరూ దాదాపు పాత చోటికే వస్తారు. రాహువును చూడండి. ఆయన చుట్టు సుమారు 18.6 ఏళ్ళు, అరవై ఏళ్ళకు మూడు రాశులకు కాస్త తక్కువగా వెనక్కి జరిగి ఉంటాడు. వారం కూడా రాసి ఉంటే పాత పంచాంగంతో సరిచూడండి.

ప్రశ్న: తాతగారి అన్న కూలికి దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్ళారట. ఇంటిపేరుతో వెతికితే దొరకలేదు.
(పాఠకురాలు, విజయనగరం)

జవాబు: 1860 నుంచి 1911 వరకు నాటాల్‌కు కూలీలను తీసుకెళ్ళిన ఓడల జాబితాల్లో ఇంటిపేరు సాధారణంగా ఉండదమ్మా. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు ఉంటాయి. ముందు తండ్రి పేరు, ఊరు పట్టుకోండి. గుమాస్తాలు చెవికి వినబడినట్టు ఇంగ్లీషులో రాసుకున్నారు. అప్పన్నకు కనీసం నాలుగు స్పెల్లింగులు ప్రయత్నించండి. విజయనగరం అప్పట్లో విశాఖపట్నం జిల్లాలోది, జిల్లా గడిలో ఆ పేరే వెతకండి.