క్రిస్మస్ సీజన్‌లో మాత్రం కలపొద్దు పాపా

గ్రీమ్స్‌పేట, చిత్తూరు

ప్రియమైన పాపకి,

ప్రభువు నామంలో పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. తిరుపతిలో నువ్వు కార్యదర్శిగా ఉన్న క్రైస్తవ పుస్తక సంస్థ, ఇక్కడ నేను పనిచేసి రిటైరైన సంస్థ, రెండూ కలిసి ఒకటి కాబోతున్నాయట. ముందు తెలియాల్సిన నాకు అందరికంటే చివర తెలిసింది. సరే, ఆ కోపం అలా ఉంచుతాను. మా గోడౌన్‌లో బండిళ్ళ మీద కూర్చుని కాళ్ళూపుకుంటూ బొమ్మల బైబిలు చదివిన పిల్ల ఇవాళ ఇంత పెద్ద కాగితం మీద సంతకం పెట్టబోతోందంటే నలుగురికీ చెప్పుకోవాలనిపించింది. పక్కింటావిడకి చెప్పేశాను కూడా. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు.

కాగితాల సంగతి ఆడిటరుగారికి నాకంటే బాగా తెలుసు. రెండు జనరల్ బాడీల్లోనూ తీర్మానం చేసి రిజిస్టరు చేయించాలి. ధర్మసంస్థలకి ఇన్‌కమ్‌టాక్స్ వాళ్ళిచ్చే రిజిస్ట్రేషన్, 1961 చట్టంలో 12ఏబీ అనేవాళ్ళు, అది రెండింటికీ ఉందో లేదో చూసుకో. అది లేని సంస్థలో ఉన్న సంస్థ కలిసిపోతే, కూడబెట్టిన ఆస్తి మీదే పన్ను పడుతుంది. విదేశీ విరాళాల అనుమతి ఒకరికే ఉంటే ఇంకా జాగ్రత్త. 2020లో చట్టం మార్చాక ఆ డబ్బు ఇంకో సంస్థకి ఇవ్వడానికి వీల్లేదు. ఎలాగూ ఒకటవుతున్నాం కదా అని ముందే ఈ ఖాతాలోంచి ఆ ఖాతాకి పంపారంటే, అనుమతికే ఎసరొస్తుంది.

నా టెన్షన్ వీటి గురించి కాదు, స్టాకు గురించి. నవంబరుకల్లా రెండు గోడౌన్లూ రేణిగుంట రోడ్డులో ఒక్కచోటికి మార్చి, కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టి, ఈ క్రిస్మస్ ఆర్డర్లు దాంట్లోంచే పంపుతారట. ఎవరి ఐడియా అది? నీదైతే మాత్రం చిత్తూరు వచ్చి నా ఎదురుగా కూర్చుని చెప్పు.

ఇంగ్లండులో ఎస్‌టీఎల్ అని ఒక సంస్థ ఉండేది. పూర్తి పేరు సెండ్ ద లైట్. జార్జ్ వెర్వర్ గారి సువార్త సంస్థ ఆపరేషన్ మొబిలైజేషన్‌లోంచి పుట్టింది. కార్లైల్ అనే ఊళ్ళో పెద్ద గోడౌన్, అక్కణ్ణుంచి బ్రిటన్‌లోని క్రైస్తవ పుస్తకాల షాపులకి సరుకు వెళ్ళేది. వెస్లీ ఓవెన్ పేరుతో సొంత షాపులూ ఉండేవి. అమెరికాలో ఇంటర్నేషనల్ బైబిల్ సొసైటీ ఉంది, 1809లో న్యూయార్కులో మొదలైంది, బైబిలు అనువాదం, పంపిణీ దాని పని. 2007లో ఈ రెండూ కలిశాయి. రెండూ లాభం చూసుకోని సంస్థలే. ఒకరి దగ్గర గ్రంథముంది, ఇంకొకరి దగ్గర దాన్ని ఊరూరికీ చేర్చే ఏర్పాటుంది. ఇంతకంటే మంచి జోడీ ఏముంటుంది? మనవాళ్ళ గురించి నువ్వు మీ అమ్మతో అన్నదీ ఇదే మాట.

ఆ రోజుల్లోనే ఇంగ్లండు వైపు కొత్త కంప్యూటర్ వ్యవస్థ పెట్టారు, పెద్ద పెద్ద కంపెనీలు వాడే రకం. అది సరిగ్గా కుదురుకోలేదు. ఆర్డర్లు పంపడం కష్టమైంది. పుస్తకాల వ్యాపారంలో షాపువాడు ధర ఎక్కువైనా సర్దుకుంటాడు గానీ, అడిగింది అడిగిన వారంలో రాకపోతే ఇంకో చోటికి పోతాడు, పోయినవాడు తిరిగి రాడు. దాని మీద 2008 ఆర్థిక మాంద్యం వచ్చి పడింది. 2009 చివరికి బ్రిటన్‌లో ఉన్నదంతా ముక్కలుగా అమ్మకానికి పెట్టారు. వెస్లీ ఓవెన్ షాపులు కొన్ని వేరేవాళ్ళు తీసుకున్నారు, కొన్ని మూతపడ్డాయి. అమెరికా వైపు సంస్థ బిబ్లికా అని పేరు మార్చుకుని ఇప్పటికీ బైబిలు పని చేస్తోంది. కానీ ఆ షాపుల్లో ఏళ్ళ తరబడి కౌంటరు దగ్గర నిలబడినవాళ్ళు ఏమయ్యారో అని నేను అప్పుడు చాలాసార్లు అనుకున్నాను. నేనూ కౌంటరు మనిషినే కదా.

కలవడమే వాళ్ళను ముంచిందని నేననను. మాంద్యం కలవనివాళ్ళనీ కొట్టింది. అయితే కలయిక, కొత్త కంప్యూటరు, చెడ్డకాలం మూడూ ఒక్కసారే మీద పడితే, ఏది ఎక్కడ చెడిందో చూసుకునే తీరిక కూడా ఉండదు. చెడ్డకాలం ఎప్పుడొస్తుందో మనకి తెలియదు. మిగతా రెండింటికీ తేదీ పెట్టేది నువ్వే, పక్కపక్కన పెట్టకు.

మన సీజన్ నీకు నేను చెప్పాలా? అక్టోబరు నుంచి డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి దాకా ఊపిరాడదు. క్యాలెండర్లు, కొత్త సంవత్సరానికి బైబిలు వాక్యం వేసిన వాగ్దాన కార్డులు, బహుమానంగా ఇచ్చే బైబిళ్ళు. జనవరి రెండో వారంలో క్యాలెండరు ఎవరికి కావాలి? మన జిల్లాల్లో పెద్ద వానలూ సరిగ్గా అప్పుడే. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్ళు ఎలా పారాయో చూశావు. తడిసిన బైబిలు ఆరబెడితే ఉబ్బుతుంది, పేజీలు అతుక్కుంటాయి, కొనేవాళ్ళుండరు, పాత కాగితాలవాడికి వేయడానికి చేతులు రావు. ఆ వానల్లో లారీల మీద రెండు గోడౌన్ల సరుకు తిప్పుతానంటావేంటే?

జూన్, జూలై చూసుకో. వీబీఎస్, అదే వేసవి సెలవుల్లో పిల్లల బైబిలు తరగతుల పుస్తకాల హడావిడి అయిపోయి ఉంటుంది. స్టాకు లెక్క రెండు వైపుల మనుషులూ ఒకే అర ముందు నిలబడి రాయాలి. మనం డబ్బు కట్టి కొన్నది వేరు, అమ్మాక కడతామని పబ్లిషర్ల దగ్గర తెచ్చుకున్నది వేరు. సోనా మసూరి, రేషన్ బియ్యం ఒకే డబ్బాలో పోశాక ఏరి చూడు, తెలుస్తుంది. కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టినా ఒక క్రిస్మస్ దాటేదాకా పాత రిజిస్టర్లు రాయిస్తూనే ఉండు. డబుల్ పని అని కుర్రాళ్ళు గొణుగుతారు, గొణగనీ.

ఇక్కడి స్టాకు లిస్టు చూసి తమిళ బైబిళ్ళు ఎందుకని కొట్టేస్తావేమో. గుడిపాల, నగరి, కుప్పం వైపు ఎన్ని ఇళ్ళల్లో తమిళంలో ప్రార్థన చేసుకుంటారో తిరుపతి కౌంటర్లో కూర్చుంటే కనపడదు. నెమ్మదిగా కదులుతాయి గానీ కదులుతాయి.

రాని బాకీల జాబితా కూడా నీ టేబుల్ మీదికి వస్తుంది. అందులో పల్లె పాస్టర్ల పేర్లే ఎక్కువ. సైకిలు వెనక ముప్పై కీర్తనల పుస్తకాలు కట్టుకుపోయి, పంటలొచ్చాక డబ్బు తెచ్చేవాళ్ళు. మీ పెద్దనాన్న వాళ్ళకి కాఫీ ఇచ్చిగానీ బాకీ అడిగేవారు కాదు. కాఫీ ఖర్చు ఎవరు ఇస్తారని నేను గొడవపడేదాన్ని. కానీ ఆ బాకీలు ఎక్కువభాగం వచ్చేవి పాపా, ఆలస్యంగా వచ్చేవి. కంప్యూటరు వాళ్ళని ఎరుపు రంగులో చూపిస్తుంది. బ్లాక్ చేసే ముందు ఒక్కొక్కరికీ ఫోను చెయ్యి.

పేరు గురించి తగవు వస్తుంది, తప్పదు. బోర్డు మీద రెండు పేర్లూ కొన్నాళ్ళు ఉండనీ. ఇంగ్లండులో క్రైస్తవ పుస్తకాలు వేసే 1698 నాటి ఎస్‌పీసీకేలో 2015లో ఐవీపీ అనే ఇంకో ప్రచురణ సంస్థ కలిసింది, అయినా ఐవీపీ పుస్తకాల మీద ఐవీపీ పేరే ఉంది. మన సీఎస్ఐ, అదే దక్షిణ ఇండియా సంఘం కూడా 1947లో కొన్ని సంఘాలు కలిసి అయిందే. గ్రీమ్స్‌పేటలో పెద్దవాళ్ళు ఆ తర్వాత కూడా చాలాకాలం మిషన్ చర్చి అనే అనేవాళ్ళు. ఎవరికీ ఏమీ కాలేదు.

డబ్బు విషయం. మూడు నెలల జీతాలు, అద్దె ముట్టుకోకుండా పక్కన పెట్టు. కోవిడ్‌లో కన్వెన్షన్లు, అంటే మన సువార్త సభలు ఆగిపోయినప్పుడు ఆ డబ్బే ఇక్కడ జీతాలిచ్చింది. 2024 డిసెంబరులో పోస్టాఫీసు రిజిస్టర్డ్ బుక్ పోస్టు ఎత్తేసింది కాబట్టి, ఒకటీ రెండూ పుస్తకాలు అడిగేవాళ్ళకి పార్సెల్ ఖర్చు ముందే చెప్పాలి. పుస్తకాల మీద జీఎస్టీ లేదని క్యాలెండర్లకీ అలాగే బిల్లు కొట్టకండి, వాటికి ఉంది.

నవ్వుతావు గానీ ఇంకో మాట. కలిశాక వ్యాను ఒకటే ఉంటుంది, డ్రైవరు ఇటు మనిషి, కొండ పద్ధతులు తెలియవు. సెలవు రోజు ఇంటికొచ్చిన బంధువుల్ని ఎక్కించుకుని, కరపత్రాలున్న వ్యానుతో అలిపిరి దాటేస్తాడేమో. తిరుమల మీద వేరే మత ప్రచారం నిషేధం, చెక్‌పోస్టులో ప్రతి బండీ వెతుకుతారు. పక్కవాళ్ళ పుణ్యక్షేత్రం దగ్గర మనం ఎలా ఉండాలో అతనికి మొదటి రోజే చెప్పు, కాగితం మీద రాసి సంతకం తీసుకో.

మా గోడౌన్ చూసుకునే ఆయన్ని పంపించేస్తారని ఇక్కడ అనుకుంటున్నారు. ఏ బండిల్ ఎక్కడుందో చీకట్లో కూడా చెప్పగల మనిషి. సాఫ్ట్‌వేర్ పెట్టేవాడి పక్కన ఆయన్ని కుర్చీ వేసి కూర్చోబెట్టు. మందులూ భోజనం టైముకి చూసుకో, షుగరు ఉంది. నీ భోజనం కూడా. మొన్న ఫోటోలో బాగా చిక్కిపోయావు.

ఒప్పందం డ్రాఫ్టు నాకు పంపు. వాట్సాప్‌లో కాదు, ఆ అక్షరాలు నా కళ్ళకి ఆనవు. ప్రింటు తీసి, శనివారం మీ అమ్మ వచ్చే బస్సులో ఇచ్చి పంపు. స్టాకు పేజీలు పైన పెట్టు.

మీ పెద్దమ్మ