చిట్టీ, ఈకతోనే రెక్క కట్టు

చిరంజీవి చిట్టికి,

పెదనాన్న ఆశీస్సులు. ఇక్కడ నేనూ పెద్దమ్మా క్షేమం. చేపలకు ఎరగా నువ్వు హుక్ మీద కట్టిన ఉత్తుత్తి పురుగు (ఫ్లై) ఫోటోలు నిన్న రాత్రి పెద్దవి చేసుకుని చూశాను. ప్లాస్టిక్ ఫిల్మ్‌ను మేఫ్లై అనే వాగు పురుగు రెక్కలా కత్తిరించి, సన్నటి పెన్నుతో నరాలన్నీ గీశావు. ఎంత ఓపిక పట్టావో తెలుస్తూనే ఉంది. కానీ కింద నువ్వు రాసిన రెండు వాక్యాల దగ్గరే నా మనసు ఆగిపోయింది. పదిసార్లు విసిరేసరికి ఫ్లైని కట్టే సన్నటి లీడర్ దారం మెలికలు పడిపోయిందన్నావు. స్ప్రింగ్ క్రీక్‌లో చుట్టూ చేపలు లేస్తున్నా నీ ఫ్లైని ఒక్కటి కూడా ముట్టుకోలేదన్నావు. ఇది ఫోన్‌లో చెబితే తెగే విషయం కాదు. హుక్ బిగించే వైస్ ముందు కూర్చుని చదువుకుంటావని ఉత్తరం రాస్తున్నాను.

ఆ ఫిల్మ్ పక్కన పెట్టెయ్, తల్లీ. అది గాలిని పోనివ్వదు. విసిరిన ప్రతిసారీ ఫ్యాన్ రెక్కలా తిరిగి లీడర్ కొసన ఉండే టిప్పెట్‌ను పురి పెడుతుంది. ఈక అలా కాదు. పోగుల సందుల్లోంచి గాలి జారిపోతుంది. చేప నోట్లో పడితే వంగుతుంది, తడిస్తే ఒక్క విదిలింపుతో లేస్తుంది. వెలుతురును కొంత ఆపి కొంత వదులుతుంది. మేఫ్లై రెక్క చేసే పనీ అదే.

చేపకు ఏం కనిపిస్తుందో ముందు చెబుతాను, మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది. నీళ్లలోంచి పైకి చూసే చేపకు ఆకాశం మొత్తం ఒక గుండ్రటి కిటికీలోనే కనిపిస్తుంది. వెలుతురు నీళ్లలోకి దిగేటప్పుడు వంగడం వల్ల అలా అవుతుంది. చేప అడుగు లోతులో ఉంటే ఆ కిటికీ వెడల్పు సుమారు 2 అడుగుల 3 అంగుళాలు. దాని బయట నీటి పైభాగం అద్దంలా అడుగునే చూపిస్తుంది. ప్రవాహంలో కొట్టుకొచ్చే పురుగు ఇంకా కిటికీ బయట ఉండగానే, దాని కాళ్లు నీటి మీద చేసే చిన్న నొక్కులు మెరుస్తాయి. ఆ తర్వాత కిటికీ అంచు మీద మొట్టమొదట కనిపించేవి రెక్కల కొనలు. ఒళ్లు ఇంకా కనబడదు. చేప లేవాలా వద్దా అని నిర్ణయించుకునేది చాలావరకు అప్పుడే. మీ పెన్సిల్వేనియాలోనే లెటార్ట్ వాగు ఒడ్డున ఏళ్ల తరబడి ఇదంతా గమనించిన విన్సెంట్ మారినారో 1950లో వచ్చిన తన పుస్తకంలో రెక్కకు అంత ప్రాధాన్యం ఇచ్చింది అందుకే. ఆ అంచు మీద నువ్వు గీసిన నరాలు చేపకు అందవు. రెక్క ఎత్తు, వెడల్పు, నిటారుతనం, పొగరంగు మాత్రం అందుతాయి.

కాబట్టి ఈకలు కొనే ముందు ఒక పురుగును చూడు. మే నెల సాయంత్రం వాగు ఒడ్డున నిలబడితే సల్ఫర్లనే పసుపు మేఫ్లైలు లేస్తాయి. తొలకరి వాన పడ్డ రాత్రి మన ఊళ్లో దీపం చుట్టూ ఉసిళ్లు ముసిరేవి గుర్తుందా? ఆ జాతి వేరు, ఈ జాతి వేరు, కానీ ఆ సందడి అదే. ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుని పక్కనుంచి చూడు. నీళ్లలోంచి అప్పుడే లేచినదాన్ని డన్ అంటారు. దాని రెక్కలు మసకగా, లేత బూడిద రంగులో, తెరచాపలా నిలబడి ఉంటాయి. ఎత్తు ఇంచుమించు ఒంటి పొడవంత. ఆ డన్ ఇంకోసారి కుబుసం విడిచి స్పిన్నర్ అవుతుంది. రెక్కలొచ్చాక మళ్లీ కుబుసం విడిచే పురుగు ఇదొక్కటే. స్పిన్నర్ రెక్కలు గాజులా తేటగా ఉంటాయి, గుడ్లు పెట్టి చచ్చిపోయేటప్పుడు నీళ్ల మీద బల్లపరుపుగా పరుచుకుంటాయి. నీ ఫిల్మ్ రెక్క తేటగా ఉండి నిటారుగా నిలబడింది. అంటే రంగు స్పిన్నర్‌ది, నిలబడిన తీరు డన్‌ది అయింది. పెద్ద రెక్కల వెనక బుల్లి రెక్కల జత కూడా నీకు కనిపిస్తుంది. వాటిని కట్టాలని మాత్రం ఆశపడకు.

ఇక ఈక. సల్ఫర్‌కు 16వ నంబరు హుక్ మీద, లేత డన్ (పొగ) రంగు పెట్టకోడి మెడ ఈకల కొనలు వాడమంటాను. పుంజు ఈక సన్నగా, కోసుగా ఉంటుంది. పెట్ట ఈక కొన గుండ్రంగా, వెడల్పుగా, మెత్తగా ఉంటుంది. పుంజు ఈకతో రెక్కలు కట్టకూడదని కాదు. 1922లో మిషిగన్‌లో లెన్ హాలడే కట్టిన ఫ్లై ఆడమ్స్‌కు గ్రిజ్లీ పుంజు ఈకల కొనలే రెక్కలు, అది ఇవాళ్టికీ చేపలు పడుతూనే ఉంది. కానీ నువ్వు అడిగింది నిజం రెక్కలా ఉండాలని కదా, దానికి పెట్టే మేలు. రంగుల పేర్లు చూసి కంగారు పడకు. గోదావరి జిల్లాల్లో పందెం కోళ్లను డేగ, కాకి, నెమలి, పర్ల అని ఈక రంగును బట్టి పిలవరూ? ఇక్కడా అంతే. నలుపు తెలుపు చారలది గ్రిజ్లీ, పొగరంగుది డన్, మధ్యలో నల్లగా అంచు తెల్లగా ఉంటే బాడ్జర్, అంచు ఎర్రగా ఉంటే ఫర్నెస్.

ఒక రెక్కకు మెడ ఎడమవైపు ఈక తీస్తే, రెండోదానికి కుడివైపు అదే వరుసలోది తియ్యి. చెప్పుల జతలాగే ఇవీ ఎడమా కుడీ. రెండూ ఒకే వైపువి తీసుకుంటే ఎంత బాగా కట్టినా ఒకే పక్కకు ఒరుగుతాయి. నేను మొదటి రెండేళ్లూ చేసిన తప్పు ఇదే. దారం సరిగా పట్టడం లేదనుకుని దారాలు మార్చుకుంటూ పోయాను.

కట్టేటప్పుడు తోకా ఒళ్లూ కాకుండా రెక్కలే ముందు కట్టు. టిప్పెట్ కట్టే రంధ్రమైన హుక్ కన్ను నుంచి కాడలో పావు వంతుకూ మూడో వంతుకూ మధ్య దారంతో నునుపైన పరుపు వెయ్యి. రెండు ఈకల మెరిసే వైపులు లోపలికి వచ్చేలా జత చేస్తే కొనలు సహజంగానే బయటికి విచ్చుకుంటాయి. కొనలు సరిచూసుకుని హుక్ కాడ పొడవుతో కొలువు. అక్కడి నుంచి కిందికి ఉన్న పోగులను పీకెయ్యకు, కత్తెరతో పొట్టిగా కత్తిరించు. పోగులు పీకితే ఈక ఈనె నున్నగా గుండ్రంగా మిగిలి దారం కింద దొర్లిపోతుంది. కత్తిరిస్తే మిగిలే గరుకును దారం పట్టుకుంటుంది.

ఇప్పుడు కొనలు కన్ను మీదుగా ముందుకు చూసేలా పెట్టి, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఈకలనూ హుక్‌నూ కలిపి పట్టుకో. దారాన్ని వేళ్ల మధ్యకు వదులుగా తీసుకొచ్చి, అవతలి పక్క దించి, అప్పుడు తిన్నగా కిందికి లాగు. అమ్మమ్మ మల్లెపూలు కట్టడం చూశావు కదా. కాడ వేళ్ల మధ్య కదలకుండా ఉంటుంది, దారం ఉచ్చు మెత్తగా వచ్చి కూర్చుంటుంది, ఆ తర్వాతే బిగుస్తుంది. ముందే బిగిస్తే పువ్వు తిరిగిపోతుంది, ఈకా అంతే. అలాంటివి మూడు చుట్లు వేసేదాకా వేళ్లు విడవకు. పైన గట్టిగా ఇంకో నాలుగు. తర్వాత రెక్కలను వేలితో వెనక్కి ఎత్తి పట్టుకుని, వాటి మొదలుకు ఆనించి ముందు పక్క ఐదారు చుట్లు గుట్టగా పేర్చు. ఆ గుట్టే వాటిని నిటారుగా నిలబెడుతుంది. సూదితో రెంటినీ విడదీసి, మధ్యలోంచి ఇంగ్లీషు ఎనిమిది అంకెలా దారం రెండుసార్లు తిప్పు. ఎక్కువ తిప్పితే రెక్కలు పడుకుంటాయి. నిజానికి డన్ తన రెక్కలను దాదాపు కలిపే ఉంచుతుంది. మనం విడదీసేది ఫ్లై పక్కకు ఒరగకుండా దిగడానికే, అందుకని కొద్ది ఎడం చాలు. రెక్కల మొదట్లో చిన్న బొట్టు ఫ్లై సిమెంటు జిగురు పెట్టు, పోగులకు అంటనివ్వకు.

రెక్కలు కుదిరాక మిగతా పని సులువే. తోక కాడ పొడవంత ఉండాలి. ఒంటికి లేత నారింజ కలిసిన పసుపు డబ్బింగ్ నూగు సన్నగా చుట్టు. హాకిల్ అంటే హుక్ చుట్టూ చుట్టే ఈక, దాని పోగులు హుక్ నోటి వెడల్పుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి, రెక్క వెనక మూడు చుట్లు, ముందు మూడు. హాకిల్ చుట్టేటప్పుడు రెక్కల మొదటి మీదికి తోసుకు రాకు, ఒరిగిపోతాయి. స్ప్రింగ్ క్రీక్‌లో నిదానంగా పారే చోట్లకైతే కింది పక్క పోగులను కొంచెం కత్తిరించు, ఫ్లై నీటికి దగ్గరగా కూర్చుంటుంది.

ఒకేసారి 16వ నంబరు మీద మొదలుపెట్టకు. అంతకంటే పెద్దదైన 12వ నంబరు హుక్ వైస్‌లో బిగించి, రెక్కలు మాత్రమే కట్టు, చూసుకో, బ్లేడుతో కోసెయ్, మళ్లీ కట్టు. ఒక్క సాయంత్రం పదిసార్లు ఇలా చేస్తే, పది పూర్తి ఫ్లైలు కట్టినా రానిది చేతికి వస్తుంది.

నేను ఉండే బింగామ్టన్ నుంచి గంటకు పైగా కారులో వెళితే రాస్కో ఊరు, బీవర్‌కిల్, విల్లోవెమాక్ వాగులు కలిసే చోటు. అక్కడి వాళ్లు రెక్కకు వుడ్ డక్ అనే బాతు డొక్క ఈక వాడతారు. నిమ్మపండు చాయలో సన్నటి గీతలుంటాయి దాని మీద. ఇక్కడి పాతతరం ఫ్లై కట్టేవాడు థియోడోర్ గోర్డన్ 1890లో ఇంగ్లండ్‌లోని హాల్ఫర్డ్‌కు ఉత్తరం రాసి నీటి మీద తేలే డ్రై ఫ్లైలు తెప్పించుకున్నాడు. నిదానంగా పారే అక్కడి వాగుల కోసం కట్టినవి ఇక్కడి ఉరవడికి తగలేదని, నెవర్‌సింక్ ఒడ్డున తనకు తగినట్టు మార్చుకుంటూ పోయాడు. ఆ పద్ధతిని తర్వాత ఇక్కడ ఫ్లైలు కట్టిన డెట్టె దంపతులు, డార్బీ దంపతులు పట్టుకుని బతికించారు. లివింగ్‌స్టన్ మేనర్ ఊళ్లోని ఫ్లై ఫిషింగ్ మ్యూజియంకు వచ్చినప్పుడు అలాంటి ఫ్లైలు చూపిస్తాను. ఆ రెక్క అసలు డన్ రెక్కలా బూడిద రంగులో ఉండదు, విడి పోగుల కట్ట అంతే. అయినా ఏప్రిల్ చివర మేఫ్లైల్లో హెండ్రిక్‌సన్‌లు లేచే మధ్యాహ్నాల్లో నేను వేరే రెక్క ముట్టను. గీతల మధ్యలోంచి వెలుతురు వచ్చేసరికి రెక్క వణుకుతున్నట్టు, ప్రాణం ఉన్నట్టు ఉంటుంది. కట్టే తీరు పైన చెప్పినదే, కాకపోతే జత ఈకల బదులు కొనలు సమంగా ఉన్న పోగుల కట్టను నిలబెట్టి రెండుగా చీలుస్తావు. ఒక్కో పాయ మొదట్లో రెండు చుట్లు తేలిగ్గా చుట్టి దగ్గర చెయ్యాలి.

బాతు రెక్క ఈకల ముక్కలతో కట్టే రెక్కలు చూడ్డానికి అందంగా ఉంటాయి. రెండు చేపలకల్లా చీలిపోతాయి. వాటి జోలికి ఇప్పుడు పోవద్దు.

నీకు రెక్క ఆకారం అచ్చంగా రావాలనే పట్టుదల ఉంటే దానికి వింగ్ బర్నర్ ఉంది. రెక్క ఆకారంలో ఉండే ఇత్తడి పట్టకారు అది. మధ్యలో ఈక పెట్టి నొక్కి పట్టుకుని బయటికి వచ్చిన అంచులను లైటర్‌తో కాల్చడమే. కిటికీ తెరిచి పెట్టుకో, జుట్టు కాలిన వాసన వస్తుంది. మంట ఒక క్షణం తగిలితే చాలు. ఇందులో కిటుకు ఒకటే: ఈక ఈనె సరిగ్గా నడిమధ్యన కాకుండా రెక్క ముందు అంచుకు దగ్గరగా ఉండేలా పెట్టు. మేఫ్లై రెక్కకు గట్టి నరాలుండేది ఆ ముందు అంచులోనే. మచ్చలున్న రెక్కల మేఫ్లై మార్చ్ బ్రౌన్‌కు కౌజు ఒంటి ఈక ఇలా కాల్చి 12వ నంబరు మీద కడితే చూసి మురిసిపోతావు.

కానీ వెడల్పు ఎక్కువైతే మళ్లీ నీ ఫిల్మ్ కథే. నేను ఒకసారి పెద్ద పెద్ద ఫ్యాన్ రెక్కలతో ఒక ఫ్లై, రాయల్ కోచ్‌మన్ కట్టుకుని బీవర్‌కిల్‌కు వెళ్లాను. చీకటి పడేదాకా టిప్పెట్ చిక్కు విప్పుకోవడమే సరిపోయింది. అప్పటి నుంచి ప్రతి కొత్త రెక్కనూ ఇంట్లోనే పరీక్షిస్తాను. రెండడుగుల టిప్పెట్‌కు కట్టి గాలిలో ముందుకూ వెనక్కూ గట్టిగా ఆడించి, తర్వాత వేలాడదీసి చూడు. ఫ్లై గిర్రున వెనక్కి తిరిగితే పురి పడిందన్న మాట. రెక్క సన్నం చెయ్యాలి, లేదా వంకర సరిచెయ్యాలి. తర్వాత అడుగు ఎత్తు నుంచి గిన్నెలో నీళ్ల మీద పదిసార్లు వదులు. ఎనిమిదిసార్లైనా రెక్కలు పైకి ఉండేలా దిగాలి.

సంక్రాంతికి ఊరెళితే నెమలి ఈకలు తెస్తానన్నావు. వద్దు తల్లీ. రాలిన ఈకలైనా సరే, ఇండియా నుంచి బయటికి తేవడం నిషేధం. క్విల్ గోర్డన్ అనే ఫ్లై ఒంటికి కావలసిన నెమలి పోగులు ఇక్కడ చట్టప్రకారం అమ్మే షాపులో దొరుకుతాయి. అలాగే కాలేజీ దారిలో బ్లూజే ఈకో రాబిన్ ఈకో కనిపించినా ఏరుకోకు. వలస పక్షుల కోసం 1918లో వచ్చిన చట్టం ప్రకారం అవి దగ్గర ఉంచుకోవడమే నేరం. చట్టబద్ధంగా వేటాడిన బాతుల ఈకలకు మాత్రం ఫ్లైలు కట్టడానికి మినహాయింపు ఉంది.

కట్టినవాటిని లోతైన గదులున్న పెట్టెలో వదులుగా ఉంచు. ఫోమ్‌కు గుచ్చి మూత వేస్తే రెక్కలు నలుగుతాయి. నలిగినా బాధపడకు. కెటిల్‌లో నీళ్లు మరిగించి, ఫ్లైని పట్టకారుతో పట్టుకుని ఆవిరిలో కాసేపు తిప్పితే రెక్కలు విచ్చుకుని మళ్లీ నిలబడతాయి. వేళ్లు జాగ్రత్త. తేలడానికి రాసే జెల్ ఒంటికీ హాకిల్‌కూ కొద్దిగా చాలు, రెక్కకు పూస్తే పోగులన్నీ అతుక్కుపోతాయి.

జార్జ్ హార్వీ ఏళ్ల తరబడి ఫ్లై ఫిషింగ్ పాఠాలు చెప్పిన యూనివర్సిటీలో చదువుతున్నావు, ఆ క్లాసులో సీటు దొరుకుతుందేమో ఒకసారి కనుక్కో. పెట్టకోడి మెడ ఈకలు రెండు రంగులవి, ఒక బర్నర్ రేపు పోస్టులో పంపుతున్నాను. నువ్వు కట్టిన మొదటి మూడు జతల రెక్కలను పక్కనుంచీ ముందునుంచీ ఫోటో తీసి పంపు. మే చివరి వారంలో పెద్ద మేఫ్లైలు, గ్రీన్ డ్రేక్‌లు లేచే వేళకు పెన్స్ క్రీక్‌కు నేనే వస్తాను. పెద్దమ్మ పులిహోర కట్టిస్తానంది. చిన్న కెటిల్ నువ్వు తీసుకురా.

ఆశీస్సులతో,
పెదనాన్న