సిట్‌కామ్ స్పిన్-ఆఫ్ అసలు షోకు సాటి రాగలదా?

రాగలదు, కాకపోతే చాలా అరుదుగా, అదీ పాత షోనే మళ్లీ వండి పెట్టాలనే ఆశ వదులుకున్నప్పుడు. సిట్‌కామ్ అంటే అవే పాత్రలతో ఎపిసోడ్లుగా నడిచే టీవీ కామెడీ. స్పిన్-ఆఫ్ అంటే ఒక షోలోని పాత్రను తీసుకుని, దాని చుట్టూ అల్లే కొత్త షో.

సిట్‌కామ్‌లో నవ్వు ఒక్క మనిషి నుంచి పుట్టదు. పక్కవాళ్లతో అతనికి పడే పేచీల్లోంచి పుడుతుంది. అతన్ని ఒక్కడినే బయటికి తెస్తే ఆ పేచీలు పెట్టేవాళ్లు అక్కడే ఉండిపోతారు. అందుకే కొత్త మనుషుల్ని, కొత్త తగాదాను మొదటి నుంచీ కట్టుకోవాలి.

అమెరికాలో ‘చీర్స్’ (1982–93) బోస్టన్‌లోని ఒక బార్ కథ. అక్కడికి వచ్చే ఫ్రేజర్ అనే సైకియాట్రిస్ట్‌తో 1993లో ‘ఫ్రేజర్’ మొదలైంది. రచయితలు బార్‌ను పూర్తిగా వదిలేసి అతన్ని సియాటిల్‌కు మార్చారు. అతని ఇంట్లోని ఖరీదైన సోఫాల మధ్య, రిటైరైన పోలీసు తండ్రి టేపు అతికించిన తన పాత వాలుకుర్చీని తెచ్చి వేసుకుంటాడు. ఆ తండ్రీకొడుకుల గొడవంతా ఆ కుర్చీలోనే కనిపిస్తుంది, ఎంత చక్కటి ఆలోచనో! చీర్స్‌లాగే ఇదీ 11 సీజన్లు నడిచింది, వరుసగా 5 సార్లు ఉత్తమ కామెడీ సిరీస్‌గా అమెరికా టీవీ రంగంలో ఇచ్చే ఎమ్మీ అవార్డు గెలిచింది.

జనం ఎక్కువగా ఇష్టపడే పాత్రను ఎంచుకుంటే చాలని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ‘ఫ్రెండ్స్’లో అందరూ ప్రేమించిన జోయితో 2004లో మొదలైన ‘జోయి’ రెండు సీజన్లకే, 2006లో ఆగిపోయింది. ఫ్రేజర్ మాత్రం చీర్స్‌లోకి మూడో సీజన్‌లో పక్క పాత్రగా వచ్చినవాడే.