గూఢచారి ఆట రాస్తున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నీ ఆట ముసాయిదా చదివాను. మాయమైన శాస్త్రవేత్త, లోపల ద్రోహి ఉన్న గూఢచారి సంస్థ, పాత డాస్ కంప్యూటర్ ఆటల తరహా తెర, అన్నీ కుదిరాయి. తేడా కొట్టింది గోదాములోకి చొరబడే ఘట్టంలో. ఆ చొరబాటు అరగంట సాగుతుంది. బయటపడేసరికి ఎవరి కోసం వెళ్లామో ఆటగాడికి గుర్తుండదు.

కంప్యూటర్ ఆటల రూపకర్తల్లో పేరుమోసిన సిడ్ మైయర్ అంతటివాడికీ ఈ దెబ్బ తగిలింది. 1990లో మైక్రోప్రోస్ సంస్థ విడుదల చేసిన ఆయన ఆట 'కోవర్ట్ యాక్షన్'లో సీఐఏ తరఫున కుట్ర కూపీ లాగాలి. ఫోన్ ట్యాపింగ్, సంకేతలిపి విప్పడం, కారులో వెంటాడడం, భవనంలోకి చొరబడడం, దేనికదే సరదాగా ఉంటుంది. చొరబాటు ముగిసేసరికి మాత్రం కేసు బుర్రలోంచి జారిపోతుంది. రెండు గొప్ప ఆటలు ఇరికించడం కన్నా ఒక్క మంచి ఆట మేలని ఆయనే తర్వాత తేల్చాడు. నన్నడిగితే, ఆ ట్యాపింగ్, సంకేతలిపి ఘట్టాలు ఇప్పటికీ పాతబడలేదు.

గోదామును నాలుగు నిమిషాలకు కుదించు. బయటికొచ్చేటప్పుడు ఒక పేరో, చోటో, తేదీయో చేతికి రావాలి, అది కేసు డైరీలో తనంతట తానే ఎక్కాలి. కథకు తప్పనిసరైన ఆధారాన్ని మూడుచోట్ల పెట్టు. ఒక్కచోటే ఉంటే, అది తప్పినవాడు కనిపించిన ప్రతి గోడనూ మౌస్‌తో నొక్కుతూ కూర్చుంటాడు.

సంకేతలిపి దగ్గర ఇంకాస్త జాగ్రత్త. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూనికోడ్ పద్ధతిలో 'క్షే' అంటే క, పొల్లు, ష, ఏత్వం: నాలుగు ముక్కలు. అన్నిటినీ కలిపి తారుమారు చేస్తే గుణింతం గుర్తులు ఆధారం లేక చుక్కల సున్నాల మీద వేలాడతాయి. హల్లులనే మార్చు, గుణింతాలను ముట్టుకోకు. ర బదులు మ, ప బదులు క, త బదులు స అనుకో: 'రేపు రాత్రి' కాస్తా 'మేకు మాస్మి' అవుతుంది. కానీ 'మేకు' నిజం మాటే కదా, ఆటగాడు మేకు కోసం గోదామంతా వెతుకుతాడు! ప బదులు ణ పెట్టు. 'మేణు' ఎవరినీ దారి తప్పించదు.

ఇక తెర. 320×200 పిక్సెళ్ల (చుక్కల) పాత తెరలో ఇంగ్లీషు అక్షరానికి 8 పిక్సెళ్ల ఎత్తు చాలు. పైన గుడి, కింద వత్తు ఉన్న మన అక్షరం అందులో ముద్దైపోతుంది. వరుసకు 20 పిక్సెళ్లు ఇస్తే తెర మొత్తానికి పది వరుసలే, అందులో సగం బొమ్మకు పోతుంది. నీ సంస్థ అధిపతి ఇచ్చే ఆదేశం ఇప్పుడు పద్నాలుగు వరుసలుంది. ముందు దాన్ని నాలుగుకు తెచ్చి పంపు, మిగతాది ఆ తర్వాత చూద్దాం.

ఇట్లు,
మీ అన్న