ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లు పార్కిన్సన్స్ మాత్రలు మన దగ్గరే ఉంచుకోవచ్చా?

మీ నాన్నగారికి కర్నూలులో తుంటి ఆపరేషన్ అని, పార్కిన్సన్స్ మాత్రలు ఇంట్లో ఆయనే వేసుకుంటారని, వార్డులో సిస్టర్లు మందులన్నీ తీసుకుంటారంటే టెన్షన్‌గా ఉందని రాశారు. మా నాయనకూ ఇదే జబ్బు, ఇదే ఊళ్లో ఇదే ఆపరేషన్. నన్నడిగితే ఆ మాత్రలు మీ దగ్గరే ఉంచుకోండి. కానీ దాచిపెట్టి కాదు, డాక్టరు చేత కేస్ షీట్‌లో రాయించి.

వార్డులో మందులు పూటల లెక్కన ఇస్తారు. చాలా మాత్రలకు గంట అటూ ఇటూ అయినా ఫరవాలేదు. పార్కిన్సన్స్ మాత్రల్లో ఉండే ముఖ్యమైన మందు లెవోడోపా అలా కాదు, దాని పని కొన్ని గంటలే. మా నాయన ఆరింటికి, పదకొండింటికి, నాలుగింటికి, రాత్రి తొమ్మిదింటికి వేసుకునేవాడు. అడ్మిట్ చేసిన రోజు పదకొండింటి మాత్ర మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చింది. అప్పటికే మనిషి బిగుసుకుపోయాడు. పక్కకు తిరగలేడు, నీళ్లు కూడా గొంతు దిగలేదు. సిస్టర్‌ను అనడానికి లేదు, ఆమె ఒక్కతే వార్డంతా చూసుకోవాలి.

సాయంత్రం రౌండ్స్‌లో డాక్టరుకు చెప్తే 'సొంత మందు, పేషెంటే వేసుకుంటాడు' అని టైములతో సహా రాశారు. వేసుకున్న ప్రతిసారీ సిస్టర్‌కు చెప్పేవాళ్లం, ఆమె చార్టులో గుర్తు పెట్టేది. ఇది మానొద్దు, లేకపోతే మీరోసారి, వాళ్లోసారి ఇచ్చేస్తారు. మాత్రలు డబ్బాలో పోసుకోకుండా స్ట్రిప్పులతోనే తీసుకెళ్లండి. లెవోడోపా మాత్రల్లోనే సిండోపా 110, సిండోపా ప్లస్ ఒకటి కావు, అక్కడి మెడికల్ షాపులో మీది దొరక్కపోవచ్చు కూడా.

ఆపరేషన్ రోజు ఏమీ తినకూడదంటారు కదా, గుక్కెడు నీళ్లతో ఈ మాత్ర వేసుకోవచ్చా అని మత్తు డాక్టరును ముందే అడగండి. ఉన్నట్టుండి ఆపేస్తే ప్రమాదం. ఇంకోటి, వాంతులకు మెటోక్లోప్రమైడ్, ఆపరేషన్ తర్వాత తికమకగా మాట్లాడితే హాలోపెరిడాల్ ఇస్తుంటారు. రెండూ పార్కిన్సన్స్‌ను పెంచేవే. వద్దని ఫైలు పైనే రాయించండి.

షుగరు మందులకు మాత్రం ఈ పద్ధతి పెట్టుకోవద్దు. తిండి లేని రోజు ఇంట్లోలాగే ఇన్సులిన్ వేసుకుంటే షుగరు పడిపోతుంది. రక్తం పలచబడే మాత్రలు కూడా ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి.

ఆపరేషన్ అయిన రాత్రి మత్తులో ఆయన వేసుకోలేరు, తోడుగా ఉన్నవాళ్లకు టైములు తెలిసి ఉండాలి. ఆ ఒక్క రాత్రి మా అమ్మ చూసుకుంది. తెల్లారగానే మా నాయన స్ట్రిప్పు లాక్కున్నాడు, అది వేరే సంగతి.

డిశ్చార్జ్ కాగితంలో ఈ మాత్రల ఎదురుగా 'మూడు పూటలా' అని పడుతుందేమో చూడండి. మాకు అలాగే పడితే అక్కడే దిద్దించుకున్నాం.