తెలుగు పీడీఎఫ్ నోట్సును స్క్రీన్ రీడర్ ఎందుకు చదవదు?

అమలాపురం కాలేజీలో లెక్చరర్ ఆన్‌లైన్‌లో పెట్టిన తెలుగు నోట్సును చూపులేని విద్యార్థి ఫోన్‌లోని స్క్రీన్ రీడర్ (తెరమీది రాతను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) చదవలేకపోతే, చాలాసార్లు తప్పు ఫోన్‌ది కాదు, ఆ నోట్సు యూనికోడ్‌లో (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే పద్ధతిలో) లేకపోవడమే. అను వంటి పాత డీటీపీ ఫాంట్లలో పైకి కనిపించేది తెలుగే, ఫైలు లోపల ఉండేవి మాత్రం ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ. టాక్‌బ్యాక్ (ఆండ్రాయిడ్ ఫోన్లలోది), ఎన్‌వీడీఏ (కంప్యూటర్‌లోది) లాంటి స్క్రీన్ రీడర్లు చదివేది ఆ లోపలి సరుకునే.

ఉదాహరణకు ‘ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది’ అని అనులో కొడితే వినిపించేది అర్థంలేని గొణుగుడు. ఆ లైను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టండి, బండారం బయటపడుతుంది.

పీడీఎఫ్ చేస్తే చాలనుకోవడం, అక్షరాలు పెద్దవి చేస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. యూనికోడ్‌లోకి మార్చాల్సిందే. మ్యాపులుంటే, బొమ్మలో ఏముందో స్క్రీన్ రీడర్ చెప్పలేదు కాబట్టి, ‘ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది’ అని పక్కన ఒక ముక్క రాయాలి.